సెల్‌ఫోన్‌లోకి ఇంటర్నెట్ ఎలా వచ్చింది?

తొలినాళ్ల సెల్‌ఫోన్ మాట్లాడుకోవడానికే. కాల్ సాగినంతసేపూ మాట్లాడే ఇద్దరికే ఒక దారి కేటాయించేవారు. వాళ్లు మౌనంగా ఉన్నా అది ఇంకొకరికి దక్కేది కాదు.

మరి ఇంటర్నెట్ ఎలా కలిసింది? సమాచారాన్ని ముక్కలుగా పంపే జీపీఆర్‌ఎస్ వంటి పద్ధతులతో! ఫొటో పంపితే అది చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోతుంది. ప్రతి ప్యాకెట్ మీదా చేరాల్సిన చిరునామా ఉంటుంది. అవి రేడియో తరంగాలపై టవర్‌కు, అక్కడి నుంచి మొబైల్ కంపెనీ కేంద్రానికి, గేట్‌వే అనే ద్వారం దాటి ఇంటర్నెట్‌లోకి వెళ్తాయి. అవతలి ఫోన్ వాటిని మళ్లీ వరసగా పేర్చుకుంటుంది. ఇలా ప్యాకెట్లుగా వెళ్లడం వల్లే ఒకే దారిని ఎందరో పంచుకోగలరు.

1999లో జపాన్‌లో ఎన్‌టీటీ డొకోమో కంపెనీ తెచ్చిన ‘ఐ-మోడ్’ సేవతో ఫోన్లోనే ఈమెయిల్, వార్తలు అందాయి. ఇక 4జీ పూర్తిగా ప్యాకెట్ల మీదే నడుస్తుంది. 4జీ మీదే సాగే వోల్టీ కాల్‌లో మన గొంతు కూడా ప్యాకెట్లుగానే ప్రయాణిస్తుంది.