సిగ్గు అడ్డురాని ప్రశ్నలు

మదీనాలోని అన్సారు స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) ఒక విషయంలో ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ధర్మాన్ని తెలుసుకోవడానికి సిగ్గు వారికి అడ్డు రాలేదన్నదే ఆ మెప్పు. వారు అడిగిన ప్రశ్నలు చిన్నవేమీ కావు. బహిష్టు, దాని తర్వాత చేయవలసిన గుసుల్, ఆగని రక్తస్రావం వంటివి. ఈనాడు మన ఇళ్లలో తల్లీకూతుళ్లు సైతం నోరు విప్పి మాట్లాడుకోని సంగతులు. వాటిని వారు దైవప్రవక్త ముహమ్మద్ (స) సన్నిధికే వచ్చి అడిగారు. జవాబులు పొందారు. ఆ జవాబులు హదీసు గ్రంథాల్లో 'హైజ్' ప్రకరణంగా నిలిచాయి.

మరి మన ఇళ్ల మాటేమిటి? రంజాన్ నెలనే తీసుకుందాం. బహిష్టు రోజుల్లో స్త్రీకి రోజా లేదు. ఆ రోజాలను తర్వాత పూర్తి చేసుకోవాలి. నమాజులైతే తిరిగి చేయనక్కరలేదు. ఇది షరీఅత్ ఇచ్చిన సౌలభ్యం. అయినా ఎందరో ఆడపిల్లలు అన్నదమ్ముల కంట పడకుండా వంటింటి తలుపు చాటున నాలుగు ముద్దలు మింగుతారు. రోజా లేకపోయినా సహరీకి లేచి అందరితో కూర్చుంటారు. అల్లాహ్ ఇచ్చిన సడలింపును మనుషులకు జడిసి దాచుకోవలసి వస్తోంది. కొన్ని ఇళ్లలోనైతే ఆ రోజుల్లో ఊరగాయ జాడీ కూడా ముట్టనివ్వరు. ఇది ధర్మం చెప్పింది కాదు, ఆచారం నేర్పింది.

బహిష్టు గురించి ప్రజలు అడిగిన ప్రశ్నకు జవాబు దివ్య ఖుర్ఆన్‌లోని బఖరా సూరా 222వ ఆయతులో ఉంది. అది బాధతో కూడిన స్థితి అనీ, ఆ రోజుల్లో భార్యకు దూరంగా ఉండాలనీ ఆ ఆయతు చెబుతుంది. ఆ దూరం దాంపత్య కలయికకు మాత్రమే పరిమితమని దైవప్రవక్త (స) వివరించారు. ఆ రోజుల్లో హజ్రత్ ఆయిషా (రజి) తాగిన పాత్రలోనే, ఆమె పెదవులు తాకిన చోటే నోరు పెట్టి ఆయన (స) తాగేవారు. ఆమె ఒడిలో తలవాల్చి ఖుర్ఆన్ పఠించేవారు. బహిష్టు స్త్రీని అంటరానిదానిలా చూసే ఇల్లు ఏ సున్నత్‌ను అనుసరిస్తున్నట్టు?

ఇలా మాట్లాడితే హయా ఏమవుతుందని పెద్దలు అడగవచ్చు. హయా విశ్వాసంలో భాగమే, సందేహం లేదు. అయితే ఒక సంఘటన చూడండి. బహిష్టు అనంతరం శుభ్రపడే విధానాన్ని ఒక స్త్రీ అడిగింది. కస్తూరి అద్దిన గుడ్డతో శుభ్రం చేసుకోమని దైవప్రవక్త (స) చెప్పారు. ఎలాగని ఆమె మళ్లీ అడిగేసరికి ఆయన (స) బిడియపడ్డారు. అప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) ఆమెను దగ్గరకు లాక్కుని, ఎలా చేయాలో విడమరచి చెప్పారు. అక్కడ బిడియమూ నిలిచింది, ప్రశ్నకు జవాబూ దొరికింది. అడిగిన మనిషి సిగ్గుపడి వెనుదిరగలేదు. హయా అంటే ఎవరితో, ఎలా మాట్లాడాలో తెలియడం. నోరు మూసుకోవడం కాదు.

ఈ మౌనం ప్రాణం మీదికి కూడా తెస్తుంది. రక్తస్రావం ఆగడం లేదు, నమాజు మానేయాలా అని ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) అడిగారు. అది బహిష్టు కాదనీ, ఒక నరం నుంచి వచ్చేదనీ, మామూలు బహిష్టు రోజులు గడిచాక గుసుల్ చేసి నమాజు చేసుకోమనీ దైవప్రవక్త (స) సెలవిచ్చారు. అంటే మామూలు స్రావం వేరు, రుగ్మత వల్ల కలిగే స్రావం వేరు. హనఫీ ఫిఖహ్‌లో బహిష్టుకు కనిష్ఠం 3 రోజులు, గరిష్ఠం 10 రోజులు. అది మించితే ఇస్తిహాజా. మన స్త్రీలు నమాజు కోసం ఈ రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉన్నారు. డాక్టరు మొదట అడిగేదీ ఆ లెక్కే. కానీ ఆ లెక్క ఆసుపత్రి దాకా పోవడం లేదు.

రక్తస్రావం 7 రోజులు దాటినా, గంటకో రెండు గంటలకో గుడ్డ మార్చవలసి వచ్చినా, పెద్ద గడ్డలు పడినా డాక్టరుకు చూపించాలి. బహిష్టుకూ బహిష్టుకూ మధ్య, దాంపత్య కలయిక తర్వాత, లేదా ముట్టు ఆగిపోయిన ఏడాది తర్వాత రక్తం కనిపిస్తే అసలు ఆలస్యం చేయరాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. నెలనెలా ఎక్కువగా పోయే రక్తం దీనికొక కారణం.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ సంగతీ అంతే. దానికి ప్రధాన కారణం హెచ్‌పీవీ అనే వైరస్. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు దీని టీకా వేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. ఆ వైరస్ లైంగిక సంబంధం ద్వారా సోకుతుందనగానే 'మా పిల్లకెందుకు?' అని కొందరు తల్లిదండ్రులు నొచ్చుకుంటారు. టీకా పిల్ల నడతను శంకించడం కాదు. ఏ తప్పూ చేయని ఇల్లాలికీ భర్త ద్వారా ఆ వైరస్ సోకవచ్చు. 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలు అయిదేళ్లకోసారి పరీక్ష చేయించుకోవాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016 మార్గదర్శకాలు చెబుతున్నాయి. క్యాన్సర్‌గా మారకముందే మార్పులు బయటపడితే చికిత్స సులభం. మగ డాక్టరు దగ్గర బిడియమైతే లేడీ డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాలి. మానిపించడం మాత్రం పరిష్కారం కాదు.

ఇది ఆడవాళ్ల సంగతి మాత్రమే కాదు. యుక్తవయసుకు వచ్చిన కుమారునికి స్వప్నస్ఖలనం గురించి, గుసుల్ గురించి తండ్రి చెప్పకపోతే వీధిలోని స్నేహితులు చెబుతారు, అదీ వక్రంగా. అక్కాచెల్లెళ్లు రోజా లేని రోజున భోంచేస్తుంటే ప్రశ్నించరాదని కూడా తండ్రే నేర్పాలి. భార్య బాధను భర్త అడిగి తెలుసుకోవాలి.

కనుక, సోదరీ సోదరులారా! ఈ వారం తల్లి కూతురితో, తండ్రి కొడుకుతో ఒక్కసారి కూర్చుని మాట్లాడండి. పిల్లలు అడిగితే గద్దించకండి. అన్సారు స్త్రీలను దైవప్రవక్త (స) గద్దించలేదు. అందుకే వారు అడిగిన ప్రశ్నల మేలు పద్నాలుగు శతాబ్దాల తర్వాత మనకూ అందుతోంది.