ఓడ ఎక్కేముందు విశాఖలో ఒక పూట

విలాసయాత్ర కోసం ఓడ ఎక్కడమన్నది మొన్నమొన్నటిదాకా మన ఊళ్ళో సినిమాలో తప్ప చూడని సంగతి. 2022 జూన్‌లో 'ఎంప్రెస్' అనే నౌక విశాఖ రేవుకు వచ్చి ప్రయాణికులను పుదుచ్చేరి, చెన్నై తిప్పింది. 2023 సెప్టెంబరులో రెండువేల మందికి సరిపడే క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరిచారు. అది మొదలు మన పాత విద్యార్థులు నాకు ఫోన్లు చేస్తున్నారు. "మాష్టారూ, పొద్దున్న రైలు దిగుతాం, సాయంత్రం ఓడ. మధ్యలో ఏం చూడమంటారు?" అని. విడివిడిగా ఎందరికని చెప్పను? సావనీరులో రాసేస్తే ఒక పని అయిపోతుంది.

అందరూ చేసే పని నాకు తెలుసు. తిన్నగా బీచ్ రోడ్డుకు పోతారు. కురుసుర సబ్‌మెరైను, రామకృష్ణా బీచి, వీలుంటే కైలాసగిరి, ఒక పొట్లం మురీ మిక్చరు, నాలుగు ఫొటోలు. వద్దనను. కాని ఓడ ఎక్కబోయేవాడు ముందు చూడవలసింది రేవును. ఈ ఓడ ఇక్కడికి ఎలా రాగలిగిందో తెలియకుండా ఎక్కడం, పెళ్ళికి వెళ్ళి భోజనం చేసి పెళ్ళికొడుకును చూడకుండా వచ్చేయడం లాంటిది. కనుక సామాను స్టేషనులో క్లోక్‌రూములో పడేసి, ఆటోవాడికి "పాత పోస్టాఫీసు" అని చెప్పండి.

అక్కడినుంచి కాలినడకే మంచిది. రాణి బొమ్మ, కోటవీధి, ఇరుకు సందులు, పెంకుటిళ్ళు, వాటి మధ్య కూలడానికి సిద్ధంగా ఉన్న ఒకటి రెండు దొరల కాలంనాటి మేడలు. ఈ మేడలు ఏటా ఒకటీ అరా తగ్గిపోతున్నాయి. మీ పిల్లలు ఓడ ఎక్కే నాటికి ఎన్ని మిగులుతాయో! వీధుల చివర వరసగా మూడు చిన్న కొండలు కనిపిస్తాయి. ఒకదానిమీద దర్గా, ఒకదానిమీద మేరీమాత గుడి, ఒకదానిమీద వెంకటేశ్వరస్వామి కోవెల. పూర్వం రేవులోకి వచ్చేపోయే ఓడలు దర్గాలోని ఇసాక్ మదీనా బాబాకు జెండా మూడుసార్లు దించి ఎత్తి సలాము చేసేవని చెబుతారు. నావికుడికి కొండ ఎవరిదైనా ఒకటే. నీళ్ళమీద ఉన్నవాడికి ముందు కనిపించేది కొండే గదా.

నన్నడిగితే మేరీమాత కొండ ఎక్కండి. దాన్ని రాస్ హిల్ అంటారు. 1864లో రాస్ అనే దొర అక్కడ ఇల్లు కట్టుకున్నాడట, తరువాత అది ప్రార్థనాలయమయింది. పైన నిలబడితే ఎదురుగా యారాడ కొండ, అదే డాల్ఫిన్ నోస్, సముద్రంలోకి ముక్కు చాచుకుని ఉంటుంది. దానికీ మీకూ మధ్య సన్నని నీటి దారి. ఓడలన్నీ ఆ సందులోంచే లోపలి రేవుకు పోవాలి. అదృష్టముంటే ఒక పెద్ద ఓడ మీ కాళ్ళకింద, వీధిలో బస్సు వెళ్ళినట్టు, నెమ్మదిగా వెళుతుంది.

ఈ దారి దేవుడిచ్చింది కొంత, మనుషులు తవ్వింది ఎక్కువ. ఒకప్పుడు ఇక్కడ నరవ గెడ్డ సముద్రంలో కలిసేది, వెనక ఉప్పునేల, బురద. మధ్యపరగణాల మాంగనీసును పైదేశాలకు పంపేందుకు దగ్గర దారి కావలసి వచ్చింది. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు రాయపూరునుంచి విజయనగరానికి లైను వేశారు, ఇక్కడ బురద తవ్వి రేవు కట్టారు. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు.

తవ్వడం కంటె కష్టం, తవ్విన దాన్ని పూడకుండా కాపాడుకోవడం. నైరుతి గాలుల రోజుల్లో మన తీరం వెంబడి ఇసుక దక్షిణంనుంచి ఉత్తరానికి నడుస్తుంది. నడుస్తుందన్నమాట నిజమే సుమా, కెరటం ఏటవాలుగా ఒడ్డును తాకినప్పుడల్లా ఇసుక రేణువు కాస్త కాస్త ముందుకు జరుగుతుంది. ఆ ఇసుక తిన్నగా వచ్చి రేవు నోట్లో పడుతుంది. దానికి ఆనాటి ఇంజనీర్లు చేసిన ఉపాయం నాకు ఎప్పుడూ ముచ్చటే. రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి, రేవు ముఖద్వారం దగ్గర సముద్రంలో ముంచేశారు. వాటినే గోడగా చేసి, ఆ చాటున ఇసుక ఆగేటట్టు, ఆగినదాన్ని డ్రెడ్జరుతో తీసేటట్టు ఏర్పాటు. తిరగడం మానేసిన రెండు ఓడలు ఆ తరువాత వచ్చిన ఓడలన్నిటికీ దారి కాపాడాయి.

ఇప్పుడు బీచికి రండి. దక్షిణాన ఇసుకను ఆపేస్తే ఉత్తరాన ఒడ్డుకు మేత ఏది? 1970లలో ఔటర్ హార్బరు గోడలు సముద్రంలోకి వచ్చాక ఈ ఇబ్బంది మరింత ముదిరింది. రామకృష్ణా బీచిలో తీరం కోసుకుపోవడానికి ఇదొక ముఖ్యకారణం. అందుకని డ్రెడ్జరు తీసిన ఇసుకను గొట్టాలద్వారా మళ్ళీ ఒడ్డుమీద పోస్తుంటారు. మీరు చెప్పులు విప్పి నడిచే ఇసుకలో కొంత అలా యంత్రం వడ్డించిన ఇసుకే. ఫొటో తీసుకునేవాళ్ళలో నూటికి ఒక్కడికి కూడా ఈ సంగతి తెలియదు.

కురుసురను గురించి రెండు ముక్కలు చాలు. రష్యావారు కట్టిన ఈ జలాంతర్గామి 1969 నుంచి 2001 దాకా మన నౌకాదళంలో పనిచేసింది, 2002లో మ్యూజియమయింది. పొడవు 91 మీటర్లు. లోపల డెబ్బయిమందికి పైగా మనుషులు ఎలా పడుకునేవారో చూసి రండి. మీ ఓడ పొడవు రెండువందల మీటర్లు దాటుతుంది, దానిలో ఈతకొలను కూడా ఉంటుంది.

ఈ తీరంనుంచి ఓడ ఎక్కినవాళ్ళలో మీరు మొదటివాళ్ళు కారు. మా తాతగారి అన్న రంగం వెళ్ళాడు. రంగమంటే రంగూను. ఉత్తరాంధ్రలో పాతవాళ్ళెవరినడిగినా ఆ మాట తెలుస్తుంది. రేవు కట్టకముందు స్టీమరు దూరంగా సముద్రంలో ఆగేది. కొబ్బరితాడుతో కుట్టిన మసూలా పడవల్లో కెరటాలమీద తూలుతూ జనం దాని దగ్గరకు పోయేవారు. టిక్కెట్టు డెక్కుకే, అంటే పైన ఆకాశం, కింద చాప. బియ్యం మిల్లుల్లో, రేవులో మూటలు మోసే కూలికి వెళ్ళిన మనవాళ్ళను అక్కడివాళ్ళు కోరంగివాళ్ళు అనేవారు, కోరంగి రేవు పేరుతో. 1930లో రంగూను రేవులో బర్మా కూలీలకూ తెలుగు కూలీలకూ మధ్య చెలరేగిన అల్లర్లలో చాలామంది మనవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1941 డిసెంబరులో జపానువాళ్ళు రంగూనుమీద బాంబులు వేశాక వేలమంది అడవులగుండా నడిచి వచ్చారు. మా పెదతాత రాలేదు. ఇంట్లో ఆయన పంపిన ఒక లక్కపెట్టె మాత్రం ఉంది. 1942 ఏప్రిల్ 6న బాంబులు విశాఖమీదే పడ్డాయి. రంగం వెళ్ళినవాళ్ళ పేరు చెప్పే రాయి ఒక్కటి కూడా ఈ ఊళ్ళో నా కంటబడలేదు. యుద్ధవీరులకు బీచిలో స్మారకం ఉంది, ఉండవలసిందే. మూటలు మోసినవాళ్ళకు కూడా ఒకటి ఉంటే తప్పేమిటి?

ఇక మీ ఓడ సంగతి. రైలులా పరుగెత్తి ఎక్కే వీలు లేదు. సామానుకు చీటీ కట్టి ముందే అప్పగించాలి, గుర్తింపు కార్డు చూపాలి, తనిఖీ ఉంటుంది, బయల్దేరడానికి చాలా ముందే గేటు మూసేస్తారు. ఎవరికోసమూ ఆగరు. ఎందుకంటే రేవులో ఓడను బయటకు నడిపేది ఆ ఓడ కెప్టెన్ ఒక్కడే కాదు, ఇక్కడి లోతులు తెలిసిన పోర్టు పైలట్ ఎక్కి దారి చెబుతాడు, టగ్గులు పక్కన ఉంటాయి. వాళ్ళందరి సమయం ముందే ఖరారయి ఉంటుంది. కనుక భోజనం ఒంటిగంటకు ముగించండి. పోర్టు ప్రాంతంలో, నేవీ గోడలదగ్గర కెమెరా సంచిలో ఉంచండి.

ఎక్కగానే ఆపదలో ఏం చేయాలో చూపే డ్రిల్లు ఉంటుంది, దాన్ని ఎగ్గొట్టకండి. అది అయ్యాక లోపల ఫలహారాలకు పోకుండా డెక్కుమీదకు వెళ్ళండి. ఓడ తూర్పుకు తిరిగాక కుడిచేతివైపు యారాడ కొండ, ఎడమచేతివైపు ఊరు ఉంటాయి. మూడు కొండలను వెతకండి. పొద్దున్న మీరు నిలబడిన చోటు గుర్తుపట్టడానికి కాసేపు పడుతుంది, ఊరు ఎత్తు మేడలతో నిండిపోయింది మరి.