కూరగాయల మడికి ఎంత గడ్డి కప్పాలి?



ఎండలు ముదిరాయంటే పెరట్లో నాలుగు మడులు కూరగాయలు పెట్టుకున్న ప్రతి ఇంట్లోనూ ఒకటే బెంగ, నీళ్ళు. పొద్దున తడిపిన మడి మధ్యాహ్నానికి ఎండి బీటలు తీస్తుంది. ఈ బెంగ తీర్చుకోవడానికి పెద్దలు ఎరిగిన ఉపాయం ఒకటుంది. మొక్కల మధ్య కనిపించే నేలను గడ్డితోనో, ఆకులతోనో, పొట్టుతోనో కప్పి ఉంచడం. దీన్ని వ్యవసాయ శాఖవారు మల్చింగ్ అంటారు. పుస్తకాలలో ఆచ్ఛాదన అని రాస్తారు. మా పక్కింటి తమిళులు మూడాక్కు అంటారు, ఎల్లకు అవతల కన్నడిగులు హొదికె అంటారు. మనం తేలికగా కప్పు అనుకుందాం.

కప్పు వల్ల లాభాలు మీలో చాలామందికి తెలిసినవే. ఎండ నేరుగా నేలకు తగలదు. తడి ఆవిరై పోవడం తగ్గుతుంది. కలుపు గింజకు వెలుతురు అందదు కనుక కలుపు తక్కువగా మొలుస్తుంది. పెద్ద వాన కురిసినా చినుకుల దెబ్బకు మట్టి చెదరదు. చివరకు ఆ గడ్డే కుళ్ళి నేలకు బలమిస్తుంది. అయితే ఈవేళ నేను చెప్పదలచుకున్నది ఇది కాదు. ఒక మడికి ఎంత గడ్డి కావాలి, దాన్ని ముందుగా ఎలా లెక్క కట్టాలి అన్నదే ఈ ప్రసంగం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుంటే మంచిది.

లెక్క ఎందుకు, చేతికి వచ్చినంత పరిస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. ఆ సంగతి ముందు మనవి చేస్తాను.

నేను హోసూరు ప్రాంతంలో ఉపాధ్యాయుణ్ణి. కొన్నేళ్ళ కిందట మా బడి వెనుక పిల్లలచేత కూరగాయల తోట వేయించాను. స్థలం 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు. అంటే 1089 చదరపు అడుగులు, సరిగ్గా ఒక గుంట. మొక్కలు నిలదొక్కుకున్నాక గడ్డి కప్పాలనుకున్నాను. స్థలమంతా ఒక్కసారి చూసి, కంటి అంచనాతో, 60 మంది పిల్లలను తలా ఒక మోపు గడ్డి తెమ్మన్నాను. మోపు సుమారు 4 కిలోలు ఉంటుంది. మొత్తం 240 కిలోలు వచ్చిపడింది. మడులన్నీ కప్పిన తరువాత కూడా దాదాపు సగం మిగిలిపోయింది. దాన్ని ఒక మూల కుప్ప వేశాం. తరువాతి వారం వాన కురిసింది. కుప్ప అడుగునుంచి కుళ్ళడం మొదలుపెట్టింది.

ఒకనాడు మా విద్యార్థి ఒకడి అవ్వ బడికి వచ్చింది. తోటంతా తిరిగి చూసి, నా దగ్గర నిలబడి ఇలా అంది.

"అయ్యోరా, మా దూడ నోటికాడి గడ్డిని మీ వంకాయ చెట్ల కింద పరిస్తిరి. పరిచింది మేలే అనుకుందాం. ఆ మూల కుప్ప కుళ్ళిపోతా ఉందే, అది ఎవురికి?"

నాకు నోట మాట రాలేదు. పాలిచ్చే ఆవుకు రోజుకు 5, 6 కిలోల ఎండుగడ్డి కావాలి. మేము కుళ్ళబెట్టింది 115 కిలోలు. ఒక ఆవుకు దాదాపు 20 రోజుల మేత. పిల్లలకు వైశాల్యం పాఠం చెప్పే మనిషినే, నా పెరటి పాఠంలో లెక్క తప్పాను. అప్పటినుంచి గడ్డి తెప్పించే ముందు లెక్క కట్టడం అలవాటు చేసుకున్నాను. ఆ లెక్క మూడు మెట్లు.

మొదటి మెట్టు, కప్పవలసిన చోటు కొలవడం. నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే ఉంది. నేను స్థలం మొత్తాన్ని చూశాను. కప్పవలసింది మడులను మాత్రమే. కాలిబాటలకు, నీటి తొట్టి చుట్టూ ఉన్న జాగాకు గడ్డి అక్కరలేదు. మా తోటలో మడులు 10. ఒక్కొక్కటి 15 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. పొడవును వెడల్పుతో గుణిస్తే ఒక మడి 60 చదరపు అడుగులు. పది మడులు 600 చదరపు అడుగులు. స్థలమేమో 1089. చూశారా, సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే కప్పవలసిన నేల.

చెట్టు పాదు గుండ్రంగా ఉంటుంది కాబట్టి దాని లెక్క వేరు. చెట్టు మొదలునుంచి పాదు అంచువరకు కొలవండి. ఆ కొలతను అదే కొలతతో గుణించి, మళ్ళీ 3.14తో గుణించండి. 3 అడుగులు వస్తే 28 చదరపు అడుగుల పైచిలుకు అవుతుంది. అదే 6 అడుగులైతే 113. కొలత రెట్టింపైతే గడ్డి రెట్టింపు చాలదు, నాలుగు రెట్లు కావాలి. మామిడి చెట్లకు కప్పు వేసేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఎల్ల ప్రాంతాల వారికి ఇంకొక హెచ్చరిక. తమిళనాడు వైపు మనం సెంట్లలో మాట్లాడతాం. కర్ణాటక వైపు బంధువులు గుంటల్లో మాట్లాడతారు. ఎకరానికి సెంట్లు 100, గుంటలు 40. కాబట్టి గుంట అంటే రెండున్నర సెంట్లు. "అర సెంటుకు ఇంత గడ్డి పట్టింది" అని ఇక్కడివారు చెప్పిన మాటను అక్కడివారు అర గుంటకు అన్వయించుకుంటే రెండున్నర రెట్ల తేడా వస్తుంది. అందువల్ల పెరటి లెక్క ఎప్పుడూ అడుగుల్లోనే మాట్లాడుకుందాం. అడుగు ఎల్లకు రెండు వైపులా ఒక్కటే.

రెండో మెట్టు, మందం నిర్ణయించడం. ఇది కప్పే వస్తువును బట్టి ఉంటుంది. వరిగడ్డి, చెరుకు ఆకు వంటివి గుల్లగా ఉంటాయి కనుక 3 నుంచి 4 అంగుళాలు వేయాలి. ఎండుటాకులు 3 అంగుళాలు. వేరుశెనగ పొట్టు, అదే మన చెనిక్కాయల పొట్టు, దగ్గరగా సర్దుకుంటుంది గనుక 2 అంగుళాలు చాలు. సముద్రపు ఒడ్డున ఉన్న శ్రోతలకు సరుగుడు తోటల కింద రాలిన సన్నటి ఆకు దొరుకుతుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో పైన్ చెట్ల సూదుల్లాంటి ఆకులను కట్టలు కట్టి ఇదే పనికి అమ్ముతారు. సరుగుడు పైన్ జాతి చెట్టు కాకపోయినా, దాని రాలుడు మడి మీద అలాగే అల్లుకుని గాలికి తొందరగా ఎగిరిపోదు. దానికి కూడా 3 అంగుళాలు సరిపోతుంది.

మందం తక్కువైతే వెలుతురు దూరి కలుపు లేస్తుంది. అలాగని ఎక్కువ వేస్తే మేలు ఎక్కువవుతుందని అనుకోకూడదు. అడుగు మందాన గడ్డి వేసిన మడి మీద చిన్న జల్లు పడితే, ఆ తడి గడ్డిలోనే నిలిచి పైకి ఆరిపోతుంది, వేరుదాకా దిగదు. పైగా చెమ్మ నిలిచి నత్తలు, బూజు చేరతాయి.

మూడో మెట్టు, మాదిరి తూచడం. గడ్డి ఎంత బరువు తూగుతుందో ఏ పుస్తకమూ మీకు సరిగ్గా చెప్పలేదు. ఒక ఊరి గడ్డి పొడవు, ఇంకొక ఊరి గడ్డి నలిగినది. చేత్తో కట్టిన మోపు గుల్లగా ఉంటుంది, యంత్రం కట్టిన బేలు గట్టిగా ఉంటుంది. అందుచేత మీ గడ్డినే మీరు తూచుకోవాలి. మడిలో నాలుగు పుల్లలు పాతి 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పున గళ్ళు గీయండి. అది 12 చదరపు అడుగులు. అందులో గడ్డిని చేత్తో విదిలించి 3 అంగుళాల ఎత్తున పరవండి. స్కేలు నిలబెట్టి నాలుగైదు చోట్ల ఎత్తు చూడండి. తరువాత ఆ గడ్డినంతా పోగుచేసి స్ప్రింగు త్రాసుకు తగిలించండి.

మా బడిలో తూచినప్పుడు రెండున్నర కిలోలు వచ్చింది. 60 చదరపు అడుగుల మడిలో 12 అయిదుసార్లు పోతుంది. కనుక ఒక మడికి రెండున్నరను అయిదుతో గుణిస్తే పన్నెండున్నర కిలోలు. పది మడులకు 125 కిలోలు. నేను తెప్పించిందేమో 240. మీకు రెండున్నర రాకపోవచ్చు, రెండు రావచ్చు, మూడు రావచ్చు. పద్ధతి మాత్రం ఇదే. తూచే గడ్డి, కొనే గడ్డి రెండూ ఎండినవై ఉండాలి. తడిగడ్డి కొంటే నీళ్ళకు కూడా డబ్బిచ్చినట్టే. బేళ్ళు కొనేటప్పుడు కూడా వాటి సైజు చూసి మోసపోకండి, బరువు అడగండి.

పొట్టును తూచడం కంటే బకెట్టుతో కొలవడం సులువు. మడి చదరపు అడుగులను మందం అంగుళాలతో గుణించి 12తో భాగించండి. ఎన్ని ఘనపుటడుగులో తెలుస్తుంది. 60ని 2తో గుణిస్తే 120, దాన్ని 12తో భాగిస్తే 10 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగు అంటే 28 లీటర్ల పైచిలుకు. పదికి 283 లీటర్లు. 15 లీటర్ల బకెట్టుతో 19 బకెట్లు. మీ గోనెసంచిలో 6 బకెట్లు పడితే మూడు సంచులు, పైన ఒక బకెట్టు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. పొలాలకు హెక్టారుకు 5 టన్నుల గడ్డి అని చెబుతారు కదా, ఆ లెక్కన సెంటుకు 20 కిలోలే కదా, మీ లెక్కలో 90 దాకా వస్తోందేమిటి అని. రెండూ సరైనవే. పొలంలో వరుసల మధ్య పలచగా చల్లుతారు. అంత నేలకు మందంగా వేయాలంటే గడ్డి ఎక్కడనుంచి వస్తుంది? చిన్న మడిలో కలుపు లేవకుండా మందంగా కప్పుతాం. గడ్డి తక్కువ ఉన్నవారు పలచగానే వేసుకోవచ్చు. తడి కొంత నిలుస్తుంది, కలుపు మాత్రం చేత్తో తీసుకోవాలి.

మరి ఇంత శ్రమకు ఫలితం ఎంత? అదీ లెక్కే వేద్దాం. ఒక చదరపు మీటరు నేలనుంచి 1 మిల్లీమీటరు తడి ఆవిరైతే 1 లీటరు నీరు పోయినట్టు. మన 60 చదరపు అడుగుల మడి అయిదున్నర చదరపు మీటర్లు. ఎండాకాలంలో తడినేల నుంచి రోజుకు 4 మిల్లీమీటర్లు పోయిందనుకుంటే, ఒక్క మడినుంచి 22 లీటర్లు, అంటే బకెట్టున్నర గాలిలో కలిసిపోతోంది. కప్పు దీన్ని పూర్తిగా ఆపలేదు కానీ బాగా తగ్గిస్తుంది. బోరింగు దగ్గరనుంచి బిందెలు మోసే ఆడవాళ్ళకు, పిల్లలకు ఆ విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇక కప్పే పద్ధతి క్లుప్తంగా చెబుతాను. ముందు కలుపు తీసి, మడి బాగా తడిపి, ఆ తరువాతే కప్పండి. ఎండిన నేలను కప్పితే ఎండుదనాన్నే దాచినట్టవుతుంది. మొక్క మొదలుకు రెండు మూడు అంగుళాల దూరం వదలండి. కాండానికి గడ్డి ఆనితే కుళ్ళు వస్తుంది, ఎర్రనేలల్లో చెదలు కూడా ఎక్కుతాయి. వరిగడ్డిలో గింజలు మిగిలి ఉంటే ముందే దులపండి, లేకపోతే వంకాయ మడిలో వరి మొలుస్తుంది. ఎండుగడ్డి నిప్పుకు చుట్టం కాబట్టి పొయ్యికి దూరంగా ఉంచండి. గడ్డిని మట్టిలో కలపకండి. కలిపితే దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తీసుకుంటాయి, మొక్కలు కొన్నాళ్ళు పసుపుబారతాయి.

రెండు మూడు వారాలకు గడ్డి అణిగిపోతుంది. దానికోసం ముందే అదనంగా తెచ్చి కుప్ప వేయకండి, నా అనుభవం విన్నారు కదా. నెల తరువాత స్కేలు పెట్టి చూడండి. రెండు అంగుళాల కంటే తగ్గిన చోట ఆ మేరకే వేయండి.

చివరగా ఒక మాట. పశువు తినే గడ్డిని కప్పుకు వాడే ముందు, తినని వస్తువు ఏముందో చూడండి. రాగిగడ్డిని ఆవుకే వదిలేయండి. మామిడి ఆకు, చెరుకు ఆకు, చెనిక్కాయల పొట్టు, పశువులు తొక్కి వదిలిన గడ్డి, ఇవన్నీ మడికి పనికొచ్చేవే.

మరుసటి ఏడు మేము లెక్క ప్రకారం 125 కిలోలకే సిద్ధమయ్యాం. అందులో చాలావరకు మామిడి ఆకులతోనే సరిపెట్టాం. పశువులున్న ఇళ్ళ పిల్లలను గడ్డి అడగలేదు. అయినా ఆ అవ్వ మనవడు ఒక మోపు నెత్తిన పెట్టుకుని వచ్చాడు. దూడ తొక్కి మిగిల్చిన గడ్డి అది. "అవ్వ ఇచ్చి పంపింది సార్, తూచి తీసుకోమంది" అన్నాడు. తూచాను. మూడున్నర కిలోలుంది. ఆ ఏడు మా తోటలో గడ్డి ఒక్క పోచ కూడా కుళ్ళిపోలేదు.

మీరు కూడా మడి కొలవండి, మందం నిర్ణయించండి, మాదిరి తూచండి. ఆ తరువాతే గడ్డి తెప్పించండి.