కొత్త ల్యాప్‌టాప్‌లో పాత విండోస్... మా బాబాయి పట్టు!

కొత్త ల్యాప్‌టాప్ చేతికొస్తే ఎవరైనా విండోస్ 11 చూసి మురిసిపోతారు. ద్రాక్షారామంలో డీటీపీ షాపు నడిపే మా బాబాయి మాత్రం "ఒరేయ్ అబ్బాయ్, ఇది తీసేసి నా పాత విండోస్ 7 వేసిపెట్టు" అన్నారు. పాత కంప్యూటర్ మదర్‌బోర్డు పోయింది. ముందేమో మాఘమాసం ముహూర్తాలు. ఇన్నేళ్ల శుభలేఖలు, కరపత్రాలు అన్నీ పాత హార్డ్‌డిస్క్‌లోనే. డిస్క్ బతికింది గానీ, ఫైళ్లు తెరిస్తే తెలుగు లేదు. అర్థంపర్థం లేని ఇంగ్లిష్ గుర్తులు!

మీ ఫోన్‌లో తెలుగు యూనికోడ్‌లో ఉంటుంది. అందులో మన లిపికి 128 గళ్ల సొంత వాటా ఉంది. 'క' నంబరు ఏ ఫోన్‌లోనైనా ఒకటే. పేజ్‌మేకర్ రోజుల్లో వాడిన అను లాంటి ఫాంట్ల పద్ధతి వేరు. ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో తెలుగు అక్షరాల బొమ్మల్ని కూర్చోబెట్టారు. ఫాంట్ ఉంటే శుభలేఖ, లేకపోతే గజిబిజి. పేజ్‌మేకర్, ఫాంట్లు ఎక్కించాక ఫైళ్లు కనిపించాయి. బాబాయి దగ్గరున్న పాత కీబోర్డు ప్రోగ్రాం మాత్రం విండోస్ 11లో కదల్లేదు. ఆయన వేళ్లకి ఇంకో కీబోర్డు రాదు. పెళ్లిళ్ల సీజన్‌లో నేర్చుకోమని ఎలా చెప్తాం?

పోనీ నేరుగా విండోస్ 7 వేసేద్దామా? అది 2009లో వచ్చింది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఉండే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీల ప్రమాణం వచ్చిందే 2011లో. అందుకే ఇన్‌స్టాల్ చేద్దామంటే దానికి డిస్కే కనిపించదు. యూఎస్‌బీ 3 డ్రైవర్లు కూడా అందులో లేవు, కాబట్టి పెన్‌డ్రైవ్ పెట్టినా, మౌస్ పెట్టినా గుర్తుపట్టదు. డ్రైవర్లు కలిపి డిస్క్ తయారుచేయొచ్చు. కానీ పాత పద్ధతిలో బూట్ చేసే సీఎస్‌ఎం అనే సదుపాయాన్నే చాలా కొత్త ల్యాప్‌టాప్‌ల నుంచి తీసేశారు. అక్కడితో దారి మూసుకుపోయినట్టే.

అందుకని విండోస్ 11ని కదపకుండా, దాని లోపల వర్చువల్‌బాక్స్ పెట్టాను. ఇది కంప్యూటర్‌లో ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ని సృష్టిస్తుంది. దాని డిస్కు, మౌసు, స్క్రీను అన్నీ విండోస్ 7కి తెలిసిన పాతరకమే. 2 జీబీ ర్యామ్, 40 జీబీ జాగా ఇచ్చాను. బాబాయి దగ్గర పాత డిస్క్, దాని కీ రెండూ భద్రంగా ఉన్నాయి (ఇలాంటి విషయాల్లో మన పెద్దాళ్లు గొప్పోళ్లు). అరగంటలో విండోస్ 7 లేచింది. కీబోర్డు ప్రోగ్రాం కూడా పనిచేసింది. పేజీ కట్టాక పీడీఎఫ్ చేసి షేర్డ్ ఫోల్డర్‌లో పడేస్తే, ప్రింటింగ్ విండోస్ 11 చూసుకుంటుంది.

ఒక్కటి గట్టిగా చెప్పాను: "లోపలి విండోస్‌కి ఇంటర్నెట్ ఇవ్వొద్దు బాబాయ్." 2020 జనవరి 14తో దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. అందుకే ఆ ఉత్తుత్తి కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డే తీసేశాను. మొత్తం సెటప్‌ని ఒక బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి పెట్టాను. రేపు ఈ ల్యాప్‌టాప్ పోయినా ఇంకోదాంట్లో తెరుచుకోవచ్చు.

పాత ఫైళ్లని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. వాటిని గుడ్డిగా నమ్మలేం. అక్కడక్కడ వత్తులు జారిపోతాయి. శుభలేఖలో వత్తు జారితే పెళ్లికొడుకు ఇంటిపేరే మారిపోతుంది! అందుకే రోజుకు నాలుగైదు ఫైళ్లు మార్చి పిన్నికి ఇస్తున్నాం. షాపులో ప్రూఫులు చూసేది ఆవిడే.