బూజు పట్టాకే కోత

మీకు తెలుసా? ద్రాక్షకు బూజు కనబడితే రైతన్నవాడు మందు కొట్టడానికి పరుగెత్తుతాడు. ఫ్రాన్స్‌లో సొటెర్న్ రైతులు మాత్రం ఆ బూజు కోసమే ఆకాశం వంక చూస్తూ కూర్చుంటారు. అది పట్టని ఏడాది వాళ్లకు బెంగ.

బోర్డో నగరానికి ఆగ్నేయంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో సొటెర్న్, బార్సాక్, బొమ్, ఫార్గ్, ప్రెన్యాక్ అని ఐదు ఊళ్లున్నాయి. అక్కడ తయారయ్యే తియ్యటి వైట్ వైనే సొటెర్న్. గుట్టంతా సిరోన్ అనే చిన్న ఏటిలో ఉంది. అడవి నీడలో పారి వచ్చే ఆ చల్లటి నీళ్లు, కాస్త వెచ్చగా ఉండే గరోన్ నదిలో కలిసే చోట శరత్కాలంలో పొగమంచు లేస్తుంది. ఆ తేమకు ద్రాక్ష మీద బోట్రైటిస్ అనే బూజు పుడుతుంది. మధ్యాహ్నం ఎండ కాసి తేమను ఆరబెడుతుంది. రెండూ కావాల్సిందే. ఎండ రాకపోతే గుత్తి మొత్తం కుళ్లిపోతుంది, మంచు రాకపోతే బూజే పట్టదు.

బూజు పండు తొక్కకు కంటికి కనబడని చిల్లులు పొడుస్తుంది. లోపలి నీరు ఆవిరైపోయి తీపీ పులుపూ చిక్కబడతాయి. సెమియోన్ రకం ద్రాక్షకు తొక్క పల్చన కాబట్టి ఈ తోటల్లో దానిదే పైచేయి. చూడ్డానికి మాత్రం ఆ పండును ఎవరూ ముట్టుకోరు: ముడతలు పడి, ఊదా గోధుమ రంగుకు తిరిగి, పైన బూడిదలాంటి నూగుతో ఉంటుంది. పైగా తోటంతా ఒకేసారి పక్వానికి రాదు. కూలీలు చిన్న కత్తెరలతో సరిగ్గా బూజెక్కిన పళ్లనే ఏరి, మిగతావి తీగకే వదిలి, కొన్నాళ్లకు మళ్లీ అదే వరసలోకి వస్తారు. ఒక్కో ఏడాది ఇలా ఐదారు విడతలు.

ఇక్కడి షాటో దికెమ్ ఎస్టేట్‌లో ఒక తీగకు ఒక గ్లాసు వైన్ దక్కుతుందని చెబుతారు. పంట నచ్చక 1992లో, 2012లో ఆ పేరుతో అసలు వైనే తేలేదు. 1855లో బోర్డో వైన్లకు అంతస్తులు కట్టినప్పుడు తియ్యటివాటిలో అన్నిటికన్నా పై మెట్టు ఈ ఒక్కదానికే ఇచ్చారు. ఫ్రాన్స్‌లో అమెరికా రాయబారిగా ఉన్న రోజుల్లో థామస్ జెఫర్సన్ కూడా 1784 నాటి సరుకు తెప్పించుకున్నాడు.

ఇంతకీ దీంతో ఏం తినాలి? తియ్యటి వైన్ కదా అని కేకో చాక్లెట్టో పెట్టేస్తారు చాలామంది. వైన్‌ను మించిన తీపి నోట్లో ఉంటే వైన్ కాస్తా పుల్లగా, పల్చగా తోస్తుంది. ఆప్రికాట్ టార్ట్ లాంటి పులుపు తగిలే పళ్ల వంటకమైతే ఫర్వాలేదు. అసలు జోడీ ఉప్పు. అందుకే రోక్‌ఫోర్ చీజ్ దీనికి సరిజోడు. దాన్ని గొర్రెపాలతో చేసి, దక్షిణ ఫ్రాన్స్‌లోని గుహల్లో ముగ్గబెడతారు. దాని నీలి చారలు కూడా బూజే, కాకపోతే పెనిసిలియం జాతిది. రోక్‌ఫోర్ పేరుకు 1925లోనే చట్టం అండ దొరికింది. చీజ్‌లోని ఉప్పు వైన్ తీపిని నిలబెడుతుంది, వైన్‌లోని పులుపు చీజ్ జిడ్డును కడిగేస్తుంది. పెరుగన్నంలో మామిడిపండు నంజుకునేవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఫ్రెంచివాళ్లు పండగ విందులను ఫ్వా గ్రా, అంటే కొవ్వెక్కిన బాతు కాలేయం, సొటెర్న్ జోడీతోనే మొదలుపెడతారు. పేరు గొప్పదే గానీ భోజనం మొదట్లోనే అంత తీపీ అంత కొవ్వూ పడితే తర్వాత వచ్చేవాటి మీద మనసు పోదు. దానికన్నా సొటెర్న్ ఊళ్లలోనే తినే కాల్చిన కోడి మేలు. కరకరలాడే ఉప్పటి తోలుతో ఈ వైన్ భలే కుదురుతుంది. బాగా చల్లబరిచి చిన్న గ్లాసుల్లో పోస్తారు. మూత తీసిన సీసా ఫ్రిజ్‌లో కొన్ని రోజులు నిక్షేపంగా ఉంటుంది కాబట్టి కోడి ఇవాళ, చీజ్ రేపు.