మాట ఒక్కటే – అర్థాలు వేరు
మన భూమి చట్టంలోని నాలుగు ఇంగ్లీషు మాటలు



"ఆవు పాలు పితికాను" అంటే ఒక అర్థం. "అన్నదమ్ముల పంపకంలో నా పాలు నాకు వచ్చింది" అంటే మరొక అర్థం. మాట ఒక్కటే అయినా మనలో ఎవరూ పొరపడరు. పక్కనున్న మాటలే సంగతి చెప్పేస్తాయి. సొంత భాషలో ఇది మనకు చిన్ననాడే అబ్బిన విద్య. ఇంగ్లీషు మాటల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఒక మాటకు ఒక్క అర్థం నేర్చుకొని, అన్ని చోట్లా దానితోనే నెట్టుకొస్తాము.

సంతలోనో బస్సులోనో ఇలా పొరపడితే నవ్వుకొని ఊరుకోవచ్చు. భూమి కాగితం మీద పొరపడితే అది నవ్వులాట కాదు. అరకు, అనంతగిరి, పాడేరు కొండలలోని మన కుటుంబాలకు అండగా ఒక చట్టం ఉన్నది. దానిని అందరూ 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు. 1970వ సంవత్సరపు 1వ రెగ్యులేషన్ అని దాని భావం. 1959లో వచ్చిన భూబదలాయింపు రెగ్యులేషన్‌ను సవరిస్తూ ఇది 1970 ఫిబ్రవరి 3 నుండి అమలులోనికి వచ్చింది.

ఈ చట్టానికి ప్రాణం ఒక్క వాక్యంలో ఉన్నది. మన మాటల్లో దాని సారం ఇది: ఏజెన్సీలోని భూమిని ఏ పర్సన్ అయినా, అతడు గిరిజనుడైనా కాకపోయినా, షెడ్యూల్డు తెగ మెంబరుకు గాని, అట్టి మెంబర్లు మాత్రమే ఉన్న సొసైటీకి గాని తప్ప మరెవరికి ట్రాన్స్‌ఫర్ చేసినా చెల్లదు.

ఏజెన్సీ, ట్రాన్స్‌ఫర్, పర్సన్, మెంబరు. ఈ నాలుగు మాటలూ మన ఇండ్లలో రోజూ వినబడేవే. తెలిసిన మాటలే గనుక ఎవరమూ అర్థం అడగము. ఒక్కొక్కటి తీసి చూద్దాం.

ఏజెన్సీ

విశాఖపట్నంలో ఒకరిని ఆపి "ఏజెన్సీ ఎక్కడ?" అని అడగండి. గ్యాస్ ఏజెన్సీకో ట్రావెల్ ఏజెన్సీకో దారి చూపిస్తాడు. అదే మాట ఎస్.కోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కగానే కొండగా మారిపోతుంది. "మాది ఏజెన్సీ" అంటాము. దుకాణానికీ కొండకూ ఒకే పేరు ఎలా వచ్చింది?

ఏజెంటు అంటే ఒకరి తరఫున పని చేసేవాడు. ఈస్టిండియా కంపెనీ కాలంలో, 1839లో చేసిన 24వ చట్టం ద్వారా గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల అధికారం నుండి తప్పించారు. ఆ ప్రాంతాల పాలనను కలెక్టర్లకు అప్పగించి, వారిని మద్రాసు గవర్నరుకు ఏజెంట్లుగా నియమించారు. ఏజెంటు ఏలే చోటు గనుక అది ఏజెన్సీ అయింది. కుర్చీ పేరు కొండకు వచ్చిందన్నమాట. గవర్నరు తరఫున ఒక అధికారి ఇక్కడ ఉన్నాడని చెప్పడానికి పుట్టిన మాట అది. ఇక్కడి మనుషులు తక్కువవారని చెప్పడానికి పుట్టలేదు. పట్నంలో ఎవరైనా "ఏజెన్సీ వాళ్ళు" అని చులకనగా మాట్లాడితే మన పిల్లలు ఈ సంగతి చెప్పగలగాలి. నేటికీ భూమి విషయాలలో కలెక్టరును ప్రభుత్వ ఏజెంటు అనే వ్యవహరిస్తారు.

పాడేరులోని ఐ.టి.డి.ఎ. పేరులో చివరి అక్షరం కూడా ఏజెన్సీయే. అక్కడ దాని అర్థం కొండ కాదు, సంస్థ. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ అని గదా తెలుగులో అంటున్నాము.

మరి చట్టంలో? చట్టం దృష్టిలో ఏజెన్సీ అంటే రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా షెడ్యూల్డు ప్రాంతంగా ప్రకటించబడిన ప్రాంతం. కొండ ఉన్నంత మాత్రాన, గిరిజనులు కాపురమున్నంత మాత్రాన సరిపోదు. అనకాపల్లి జిల్లాలోని రావికమతం, రోలుగుంట, దేవరాపల్లి వంటి మండలాల్లో గిరిజన గ్రామాలున్నాయి గాని, వాటిలో షెడ్యూలుకు వెలుపల మిగిలిపోయినవి ఉన్నాయి. నోటిమాటకు అవి కూడా ఏజెన్సీయే. కాని 1/70 రక్షణ వాటికి లేదు. కనుక అటువైపు బంధువులున్నవారు "మా ఊరు ఏజెన్సీయేనా?" అని గాక, "మా ఊరు షెడ్యూల్డు గ్రామాల జాబితాలో ఉన్నదా?" అని తహసీల్దారు కార్యాలయంలో అడగాలి.

ట్రాన్స్‌ఫర్

బడి పంతులుగారికి ట్రాన్స్‌ఫర్ అయిందంటే ఊరు మారారని అర్థం. పిల్లవాని టి.సి.లో మొదటి అక్షరం కూడా ట్రాన్స్‌ఫరే, బడి మారాడని. బ్యాంకులో ట్రాన్స్‌ఫర్ అంటే ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు డబ్బు వెళ్ళింది. ఈ మూడింటిలోనూ ఒకటి ఒక చోటు విడిచి ఇంకొక చోటికి పోతున్నది. అందువల్ల భూమి ట్రాన్స్‌ఫర్ అంటే అమ్మకం ఒక్కటేనని చాలామంది అనుకుంటారు. "నేను అమ్మలేదు గదా, మూడేళ్ళకు కౌలుకిచ్చాను అంతే" అంటారు.

చట్టంలోని ట్రాన్స్‌ఫర్ చాలా వెడల్పైన మాట. అమ్మకం, తాకట్టు, కౌలు, దానం, మార్పిడి అన్నీ అందులోకి వస్తాయి. స్వాధీనం ఇవ్వని తాకట్టు కూడా వస్తుంది. వీటి కోసం చేసుకునే ఒప్పందం కాగితం కూడా వస్తుంది. దీనికి కారణం ఉన్నది. కొండల్లో చాలా భూములు ఒక్కరోజులో అమ్ముడుపోలేదు. ముందు ఉప్పుకో బట్టకో అప్పు, తరువాత వడ్డీ, ఆ పైన తాకట్టు, ఆఖరున పొలం. ఈ దారిని గమనించే మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ వడ్డీ, భూబదలాయింపు చట్టం తెచ్చింది. వడ్డీని, భూమిని ఒకే చట్టంలో కట్టడి చేయడం చూడండి. ఆ రెండూ ఒకే తాడు పేటలని నాడే తెలిసింది.

బ్యాంకు, సహకార సంఘం ఇచ్చే అప్పు వేరు. వాటికి భూమిని తాకట్టు పెట్టడానికి చట్టంలో వీలున్నది. అయితే బాకీ తీరక ఆ భూమిని అమ్మవలసి వచ్చినా గిరిజనులకే అమ్మాలి.

పర్సన్

జీపు డ్రైవరు "పర్సన్‌కు ఇంత" అంటాడు. అక్కడ పర్సన్ అంటే సీటులో కూర్చునే మనిషి. బడిలో ఇంగ్లీషు మాస్టారు ఫస్ట్ పర్సన్, సెకండ్ పర్సన్ అని చెబుతారు. అక్కడ నేను, నువ్వు అనే మాటల వరుస.

మన విశ్వాసంలో కూడా ఈ మాట ఉన్నది. లాటిన్ భాషలో 'పెర్సోనా' అంటే మొదట నాటకంలో వేషగాడు పెట్టుకునే ముఖం. తరువాత పాత్ర అనీ, ఆ తరువాత వ్యక్తి అనీ అర్థం మారుతూ వచ్చింది. క్రీ.శ. 3వ శతాబ్దపు ఆరంభంలో కార్తేజి పట్టణపు తెర్తుల్లియన్ తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలను గూర్చి వ్రాస్తూ ఈ మాట వాడాడు. ఒకే దేవుడు, ముగ్గురు వ్యక్తులు అని మన సంఘాలలో బోధిస్తున్నది ఆ వాడుకే. అక్కడ జీపు డ్రైవరు లెక్కతో పర్సన్‌ను అర్థం చేసుకుంటే ముగ్గురు దేవుళ్ళు తేలుతారు. వేషం అనే పాత అర్థంతో చదివితే దేవుడు ఒక్కడే మూడు ముఖాలు మార్చుకున్నట్టు తేలుతుంది. రెండూ తప్పే. ఆ వాక్యంలో ఆ మాట ఏ పని మీద నిలబడినదో చూడాలి.

చట్టంలో పర్సన్ అర్థం ఇంకొకటి. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం కంపెనీ కూడా పర్సనే, సంఘం కూడా పర్సనే. చేతులు కాళ్ళు లేకపోయినా ఆస్తి కొనగలదు, దావా వేయగలదు.

ఇప్పుడు మన కొండకు వద్దాం. 1959 రెగ్యులేషన్ గిరిజనుడు చేసే బదలాయింపునే అడ్డుకుంది. అప్పటికే గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి చేతులు మారుతూ పోయింది. 1960ల చివర శ్రీకాకుళం కొండల్లో గిరిజన పోరాటం రగిలిన తరువాత 1970లో చట్టాన్ని గట్టి చేశారు. 'షెడ్యూల్డు తెగ మెంబరు' బదలాయించరాదు అన్నచోట 'పర్సన్, గిరిజనుడైనా కాకపోయినా' బదలాయించరాదని మార్చారు. దానితో ఒక గిరిజనేతరుడు మరొక గిరిజనేతరునికి అమ్మినా చెల్లకుండా పోయింది.

అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల 14 గ్రామాలున్నాయి. అక్కడి ప్రభుత్వ భూములను గనుల కోసం గిరిజనేతరులకు, కంపెనీలకు ప్రభుత్వం లీజులకిచ్చింది. 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ 1993లో హైకోర్టుకు వెళ్ళింది. ప్రభుత్వ భూమిని ప్రభుత్వం లీజుకివ్వడాన్ని ఈ చట్టం అడ్డుకోదని 1995లో హైకోర్టు ఆ కేసు కొట్టివేసింది. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడ ముఖ్యమైన ప్రశ్నలలో ఒకటి ఇది: పర్సన్ అన్న మాటలో రాష్ట్ర ప్రభుత్వం కూడా ఉన్నదా?

ఒక్క మాట మీద 14 గ్రామాల భవిష్యత్తు ఆగింది. పర్సన్ అంటే మనిషి, మహా అయితే కంపెనీ అని తేలితే లీజులు నిలుస్తాయి. ప్రభుత్వం కూడా పర్సనే అని తేలితే లీజులు పోతాయి.

1997 జులై 11న తీర్పు వచ్చింది. ముగ్గురు న్యాయమూర్తులలో జస్టిస్ రామస్వామి, జస్టిస్ సఘీర్ అహ్మద్ ప్రభుత్వం కూడా పర్సనే అన్నారు. జస్టిస్ పట్నాయక్ కాదన్నారు. ఇద్దరి మాటే తీర్పయింది, లీజులు చెల్లవని తేలింది. గిరిజనుల భూమి గిరిజనుల దగ్గరే ఉండాలన్నది ఈ చట్టం ఉద్దేశం. మామూలు మనిషి చేయరాని పనిని ప్రభుత్వం చేయవచ్చునంటే ఆ ఉద్దేశమే చెడిపోతుంది. వారు చూసినది నిఘంటువును గాక చట్టం దేనికి పుట్టిందో దానిని. అయితే ప్రభుత్వ సంస్థ తానే గని నడుపుకొనడానికి ఆ తీర్పు దారి ఉంచింది. ఈ సంగతి కూడా మనం తెలిసి ఉండాలి.

1 రాజులు 21వ అధ్యాయంలో నాబోతు ద్రాక్షతోట మీద అహాబు రాజు ఆశపడ్డాడు. వెల ఇస్తానన్నాడు, బదులు తోట ఇస్తానన్నాడు. నాబోతు పిత్రార్జితాన్ని ఇవ్వనన్నాడు. భూమి నియమం రాజుకు కూడా వర్తిస్తుందా అన్నదే ఆ అధ్యాయంలోని ప్రశ్న. ఏలీయా వెళ్ళి నిలబడినది రాజు ఎదుటనే.

తరువాత 2001 డిసెంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బాల్కో కంపెనీ కేసులో సుప్రీంకోర్టు మరొక ధర్మాసనం సమత తీర్పు సరైనదేనా అని గట్టి సందేహమే వెలిబుచ్చింది. అయినా దానిని కొట్టివేయలేదు. మధ్యప్రదేశ్ భూచట్టంలోని వాక్యం వేరు గనుక ఈ తీర్పు అక్కడ వర్తించదని చెప్పింది. సమస్య ఒకే రకమైనా వాక్యం మారితే ఫలితం మారిందన్నమాట.

మెంబరు

పంచాయతీలో వార్డు మెంబరు ఓట్లతో గెలుస్తాడు. సంఘంలో మెంబరు బాప్తిస్మము పొంది, సభ్యుల రిజిస్టరులో చేరతాడు. చట్టంలోని 'షెడ్యూల్డు తెగ మెంబరు' ఎన్నికతో రాడు, చందాతో రాడు. పుట్టుకతో వస్తాడు.

ఈ రెండు మెంబరులను కలిపివేసి, "మీరు చర్చి మెంబర్లు, ఇక గిరిజన మెంబర్లు కారు" అని కొందరు మన కుటుంబాలను భయపెడుతుంటారు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మతం షరతు ఉన్నది. షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో అట్టి షరతు లేదు. కేరళకు చెందిన ఒక కేసులో 2004లో సుప్రీంకోర్టు, మతం మారినంత మాత్రాన తెగ సభ్యత్వం పోదని, ఆ వ్యక్తి తన తెగలో భాగంగా కొనసాగుతున్నాడా అన్నది విచారించి చూడాలని చెప్పింది. కాబట్టి సంఘంలో చేరినవారు తమ తెగ జనముతో, భాషతో, బంధువులతో తెగతెంపులు చేసుకొననక్కరలేదు, చేసుకొనరాదు కూడా.

మనం చేయవలసినది

ఏ కాగితం మీద సంతకమో వేలిముద్రో అడిగినా ముందు మూడు ప్రశ్నలు వేయండి. ఈ భూమి షెడ్యూల్డు గ్రామంలో ఉన్నదా? ఈ కాగితం పేరు ఏదైనా, పొలం మీద హక్కు గాని అనుభవం గాని ఇంకొకరికి పోతున్నదా? పుచ్చుకొనేది ఎవరు – మనిషా, కంపెనీయా, ప్రభుత్వమా, గిరిజనుల సొసైటీయా?

జవాబు తెలియకపోతే "రేపు రండి" అనండి. ఆ ఒక్కరోజులో కొంప మునగదు. ఇంగ్లీషు చదివిన యౌవనస్థులు ప్రతి సంఘంలో ఉన్నారు. కాగితం వారిచేత చదివించండి. వారు కూడా ప్రతి మాటను ఆ వాక్యంలో పెట్టి పెద్దలకు అర్థం చెప్పాలి. చిక్కు తేలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ షెడ్యూల్డు తెగలవారికి ఉచితంగా లాయరును ఇస్తుంది. అది చట్టం ఇచ్చిన హక్కు, ఎవరి దయ కాదు. మొహమాటపడక వెళ్ళి అడగండి.