144 హెర్ట్జ్ తెర: కంటికా, ఆటకా?

"తాతయ్యా, ఈ మానిటర్ కొనిపెడితే నా కళ్ళమంటలు తగ్గుతాయట!" అన్నాడు మా మనుమడు, గత వేసవిలో. మా ఇంటనే ఉండి ఇంటర్మీడియెట్ చదువుతున్నాడు. రాత్రి భోజనమైన పిమ్మట స్నేహితులతో కంప్యూటర్ ఆటలాడుట అలవాటు. ఇంటిలోని తెర 60 హెర్ట్జ్‌ది. దుకాణదారుడు 144 హెర్ట్జ్ తెరను చూపి, "ఇది కంటికి చలువ" అని చెప్పాడట. నేను వినీ వినకుండానే "ఇదంతా అంకెల గారడీ" అని త్రోసిపుచ్చాను. రోగిని చూడకుండా మందు చెప్పరాదని గురువుగారి సన్నిధిలో నేర్చుకొన్నవాడను, తెరను చూడకుండానే తీర్పు చెప్పాను.

మరునాడు వాడు నన్ను స్నేహితుని ఇంటికి తీసుకొని వెళ్ళాడు. ఒకే తెరను సెట్టింగులు మార్చి ముందు 60లోను, తరువాత 144లోను చూపారు. మౌస్ బాణం గుర్తును అటూ ఇటూ త్రిప్పితే మొదట గంతులు వేసినట్లు, తరువాత నూనె మీద జారినట్లు కదిలింది. కళ్ళద్దాలు పెట్టుకొన్న నా ముసలి కంటికే ఆ భేదం తెలిసింది.

హెర్ట్జ్ అనగా తెరమీది బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారునో ఆ లెక్క. 60 అయితే ఒక్కొక్క బొమ్మ సుమారు 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 144 అయితే 6.9, 240 అయితే 4.2. అంటే 60 నుండి 144కు పోతే దాదాపు 10 మిల్లీసెకన్లు కలిసివస్తుంది; అక్కడినుండి 240కి పోతే మూడు కూడా రాదు. గురిచూసి కాల్చే ఆటలకు, కారు పందేలకు ఇది పనికివస్తుంది. చదరంగానికి అక్కరలేదు. కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డు సెకనుకు అన్ని బొమ్మలు తయారుచేయలేకపోతే తెర ఎంత గొప్పదైనా ఆటలో ఫలితం కనబడదు.

మరి కంటికి చలువ అన్న మాట ఎక్కడిది? వెనుకటి పెట్టెవంటి గాజు గొట్టపు మానిటర్లు 60 హెర్ట్జ్ వద్ద నిజంగానే మినుకుమినుకుమనేవి. 75కో 85కో పెంచితే కంటికి హాయిగా ఉండేది. నేటి పలుచని ఎల్‌సీడీ తెరలో బొమ్మ మారేవరకు వెలుగు నిలిచే ఉంటుంది. కొన్నింటిలో మినుకు ఉంటే అది సాధారణంగా వెలుతురు తగ్గించడానికి వెనుక దీపాన్ని వేగంగా ఆర్పి వెలిగించే పద్ధతివల్ల వచ్చేది. పాత తెర గుణాన్ని కొత్త తెరకు అంటగట్టి అమ్ముతున్నారన్న మాట!

తెరను తదేకంగా చూచువాడు రెప్పవేయుట తగ్గిస్తాడు; కన్నీటిపొర ఆరిపోతుంది. ఇంద్రియం తన విషయంతో హద్దుమీరి కలియుటను మన శాస్త్రం అతియోగమన్నది. రాత్రి జాగరణం రూక్షగుణాన్ని పెంచుతుందనీ చెప్పింది. వాడిని అడిగాను: "ఎప్పుడు పడుకొంటున్నావురా?" "రెండింటికి." ఫ్యాను చూస్తే సూటిగా ముఖానికే!

ఫ్యాను ప్రక్కకు త్రిప్పించాను. తెరను చేయిచాపినంత దూరంలో, చూపుకు కొంచెం క్రిందుగా అమర్చాను. ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడుమన్నాను. రాత్రి పదకొండుకు ఆట చాలించి, అరికాళ్ళకు నువ్వులనూనె మర్దించుకొని పడుకొనేటట్లు చేశాను. పాదాభ్యంగం దృష్టికి మేలని వాగ్భటుడు చెప్పియున్నాడు. పాఠకులకు ఒక హెచ్చరిక: తేనె, ఉల్లిరసం, ఇంట కాచిన కషాయం, ఏదీ కంటిలో వేయరాదు. నొప్పి, మసక, ఎరుపు ఉన్నచో కంటివైద్యునికి చూపవలెను. మావాడికీ అద్దాల పరీక్ష చేయించాను, దోషం లేదు.

మూడు వారాలలో మంట తగ్గింది, ఆ పాత 60 హెర్ట్జ్ తెరమీదనే.

"ఇక కొనవు కదూ?" అన్నాడు దిగులుగా. "ఆటకోసమని అడుగు, కంటి పేరు చెప్పకు" అన్నాను. అడిగాడు. దసరాకు 144 కొన్నాను; 240 మాత్రం ఒప్పుకొనలేదు. పదకొండు కాగానే ప్లగ్గు పీకే బాధ్యత వాళ్ళ నాయనమ్మ తీసుకొన్నది.